అవ్వ అరికాలు

మా అవ్వ ఎదురుకాళ్లతో పుట్టింది. అవ్వంటే మా అమ్మనే, మా ఇంట్ల అమ్మను గట్లనే పిలుస్తం. తల ముందు రావాల్సింది పోయి కాళ్లు ముందు వచ్చినయట. గట్ల పుట్టినోళ్లు నడుం మీద కాలు పెడితే పట్టేసిన నడుం వదులుతదని మా ఊరు చిన్న మంగళారంల అందరికీ నమ్మకం. మేం ఆదివారం చర్చికి పోయేటోళ్లమే, అయినా ఈ నమ్మకం మమ్ముల ఇడువలె. ఒకసారి మెట్ల మీద జారి నడుం పట్టేస్తే మా పాస్టరయ్యనే ఎవలూ చూడకుంట మా పెరటి దర్వాజ నుంచి వచ్చి బోర్ల పండుకున్నడు. తెల్లారి నొప్పి పోయిందని, అంతా ప్రభువు దయ అని చెప్పుకుంట తిరిగిండు. అవ్వ రెండు వారాలు ఆయనతోని మాట్లాడలె.

తొక్కేది కుడికాలుతోని. ఆ కాలును ఎవలూ చేతితోని ముట్టద్దు, ముడితే దాని గుణం పోతదని అవ్వ పట్టింపు. చిన్నప్పుడు మేం ఆ కాలు పక్క పండుకోను కూడ భయపడేది.

ఇగ నా సంగతి చూడుండ్రి. నేను మొయినాబాద్‌ల నొప్పులకు మర్దన చేసే సెంటర్‌ల పని చేస్త. పొద్దంత కంప్యూటర్ ముంగట కూసోని మెడ తిప్పలేనోళ్లు, బండ్లు నడిపి నడిపి పిక్కలు గట్టిపడ్డోళ్లు వస్తరు. ఎవలెవలి కాళ్లో పట్టిన గని కన్నతల్లి కాలు మాత్రం ఒక్కనాడు పట్టలె. నాకు పని నేర్పిన మేడం ఒక మాట పదే పదే చెప్పేది, మనిషి నోటిని నమ్మకు, ఒంటిని నమ్ము అని. మొహమాటానికి హాయిగున్నదని అంటరట గని, నొస్తే కాలివేలు ముడుచుకుంటదట. నేను మొదట్ల ఎక్కువ పట్టించుకోలె.

మొన్న వానాకాలం ఒక ఆదివారం మా ఊరి పటేలు వచ్చిండు. ఎలక్షన్లని జీపుల తిరిగి తిరిగి నడుం పట్టేసిందట. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ విప్పనంటే విప్పనన్నడు. సరే అని వాకిట్ల సాప ఏస్తే దాని మీదనే బోర్ల పండుకున్నడు. అవ్వ గోడ పట్టుకోని, మెడ కింది నుంచి నడుం దాక అరికాలుతోని రాసి, మడమతోని జర బరువేసింది. పటేలు మూలిగి మూలిగి లేసి నిలబడ్డడు. అటు ఒంగిండు, ఇటు ఒంగిండు, మస్తు నవ్విండు. అటెన్క పోదామని మళ్లిండు.

ఆ తెల్ల అంగీ మీద మెడ కింది నుంచి నడుం దాక ఎర్రటి చార.

పటేలు వీపు పగిలిందనుకున్న. ఆయనకు చెప్తే లబలబలాడి అంగీ ఇప్పిండు. వీపు మీద గీర కూడ లేదు. అప్పుడు కిందికి చూసినం. సాప మీది నుంచి నీళ్ల తొట్టి దాక, అడుగు అడుగుకూ నెత్తురు మరక. తొట్టి కాడ మా అవ్వ, ఏం కానట్టు, చేతులు కడుక్కుంటున్నది. వెనకకు మళ్లి, గీ నెత్తురు ఎవలిదని మమ్ములనే అడిగింది.

నేను ఉరికిపోయి అవ్వను గద్దె మీద కూసోబెట్టి ఆ కాలు పట్టుకున్న. గుంజుకున్నది.

"ముట్టకు బిడ్డా, గుణం పోతది."

"గుణం గంగల కలవనీ. కాలియ్యి."

నా నోట్లకెళ్లి గంత మాట ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. మడమల సీసపెంకు దిగబడి ఉన్నది. పట్నమోళ్లు ఫాంహౌజుల తాగి తందనాలాడి మా చేన్లల్ల సీసలు ఇసిరేస్తరు, వాళ్ల చేతులిరుగ, గా సీసదే. ఎన్నడు దిగిందో ఏమో, చుట్టూ కండ నల్లబడ్డది, పైన తోలు కూడ మూసుకోవట్టింది, ఇయ్యాల తొక్కేసరికి మళ్ల పగిలింది. దాని మీదనే నడిచింది, నాట్లేసింది, ఊరోళ్ల నడుములు తొక్కింది. నేను పెంకు పట్టుకోని గుంజుకుంట అవ్వ మొఖం దిక్కు చూసిన. ఆమె పటేలుతోని మాట్లాడుతున్నది. అంగీని సల్లనీళ్లల్ల నానబెట్టమను, ఉడుకునీళ్లల్ల ఏస్తె మరక పోదు అని చెప్తున్నది. పెంకు బయటికి వచ్చింది. ఆమె మాట కూడ ఆగలె.

ఆటో కట్టుకోని చేవెళ్ల దవాఖానకు తీసుకపోయిన. షుగరుతోని ఈ కాలు నరాలు సచ్చిపోయినయని డాక్టరు చెప్పిండు. చీము ఎముక దాక పోయి ఉంటే మడమ నిలుస్తదో లేదో ఇప్పుడే చెప్పలేనన్నడు. రెండో కాలుకు స్పర్శ ఉంటే నయం, దాని మీదనే ఆమె నిలబడాలె అన్నడు. అవ్వ వెంటనే అందుకున్నది, ఎడమకాలు బంగారం లెక్క ఉన్నది సారు, చీమ పాకినా తెలుస్తదని. పుండు కడిగి కట్టు కట్టి తెల్లారి రమ్మన్నడు, రెండు కాళ్లూ మంచిగ పరీక్ష చేస్తరట. అప్పటిదాక ఆ ఎడమకాలును నూనెతోని మెల్లగ ఒత్తచ్చునా అని అడిగిన. పుండు లేకుంటే ఒత్తుమన్నడు.

పొద్దు గూకంగ అవ్వను మంచంల ఒరిగించి, ఎడమకాలు మెత్త మీద పెట్టి అరికాలుకు నూనె రాసిన. పగుళ్లు తప్ప ఎక్కడా పుండు లేదు. పానం జర నిమ్మళమైంది. అవ్వ కండ్లు మూసుకున్నది. బొటనవేలితోని మెల్లగ ఒత్తుకుంట, ఎట్లున్నదని అడిగితే హాయిగున్నదన్నది. ఇన్నేండ్ల సంది ఊరి నొప్పులన్నీ మోసిన మనిషి, తన కాలు నా చేతుల్ల పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. రేపు డాక్టరు ఏమన్నా అననీ, ఈ కాలైతే మనకున్నది అనుకున్న.

గప్పుడే సెంటర్ నుంచి ఫోనొచ్చింది. చేతులు తుడుచుకోని, రేపు రానని చిన్నగ చెప్పి పెట్టేసిన. అవ్వ అట్లనే కండ్లు మూసుకోని ఉన్నది. కొద్దిసేపైనంక మొఖం జర ముడిచి అన్నది:

"మెల్లగ బిడ్డా. గంత గట్టిగ ఒత్తితే నొస్తున్నది."

నా రెండు చేతులూ నా ఒడిలనే ఉన్నయి.