కీబోర్డు మీద అమ్మ గొంతు

మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం అంటే సంగీతంతో పని అనుకుంటారు చాలామంది. సంగీతంతో కాదు, కోపంతో పని. పాట చక్కగా సాగుతున్నంతసేపూ మేం ఎవరికీ గుర్తుకు రాం. ప్రాజెక్టు తెరుచుకోనప్పుడో, పెళ్లి రేపనగా మిక్సులో డప్పు వెనకబడినప్పుడో ఫోన్ మోగుతుంది. తిట్లన్నీ విని, ఏ బటన్ నొక్కాలో చెప్పి, చివరికి స్పీకర్ స్విచ్చే వేయలేదని తేలితే నవ్వు ఆపుకోవాలి. తెలుగు కాల్స్ నావి. సీతమ్మధారలో మా మేడ మీది గదిలో కూర్చుని మాట్లాడతాను. నాకు ఓపిక తక్కువ. మ్యూట్ బటన్ అనేది లేకపోతే ఈ ఉద్యోగం ఎప్పుడో ఊడేది.

ఆ మధ్యాహ్నం ఫోన్ చేసినావిడది కంచరపాలెం. పెళ్లి ఊరేగింపులకు డీజే పాటలు తయారుచేస్తుందట. సాఫ్ట్‌వేర్ బాగానే తెలిసిన మనిషని మాట తీరులోనే అర్థమైంది.

"సార్, కీబోర్డు మీద ఒక్కో కీకి ఒక్కో మాట పెట్టాల. పక్క కీ నొక్కితే అదే మాట సన్నంగా, సిన్నపిల్ల గొంతులా వచ్చెత్తంది. ఏలు తీసీగానే తెగిపోతంది. ఏటి సెయ్యాల?"

ఇది మాకు రోజూ వచ్చే ప్రశ్నే. ఏ శబ్దం ఇచ్చినా సాఫ్ట్‌వేర్ దాన్ని వాయిద్యంలాగే చూస్తుంది, పై కీ నొక్కితే శ్రుతి పెంచుతుంది. "ఏం మాటలండీ, డీజే అరుపులా?" అన్నాను కాస్త విసుగ్గానే.

"కాదు సార్, మా అమ్మ మాటలు. ఎల్లుండి ఆపరేషను. గొంతులో కేన్సరు. మాటొచ్చే పెట్టి మొత్తం తీసెత్తారంట. ఆ తర్వాత ఈ కీలు నొక్కే మాటాడాల. రేపు పొద్దున్నే ఆస్పత్రిలో సేరాల. ఇయ్యాలొక్క పూటే ఉంది మాకు."

ఆవిడ అనుమతితో ఆవిడ కంప్యూటర్ తెర నా తెర మీదికి తెచ్చుకున్నాను. ఏ మాటకు ఆ కీ కట్టేశాను, వేలు తీసినా మాట పూర్తయ్యేలా మార్చాను. ఎలా వస్తుందో చూద్దామని మొదటి కీ నొక్కమన్నాను.

"నాకు దాహముగా ఉన్నది. దయచేసి మంచినీళ్లు ఇవ్వండి."

రెండోది: "నాకు నిద్ర వచ్చుచున్నది. దయచేసి దీపము ఆర్పండి."

రైల్వే స్టేషన్లో మైకు మాట్లాడినట్టుంది. ఆ తల్లేమో వీధి చివర టిఫిన్ దుకాణం నడిపిన మనిషట. మైకు పెట్టారు కదా, మరి మంచి భాష మాట్లాడాలి కదా అని తల్లీకూతుళ్లిద్దరూ కలిసి తయారుచేసుకున్నారు. మైకు ముందు నిలబడితే చాలు, మనలో ఎవరికైనా పుస్తకం పూనుతుంది. ఎల్లుండి నుంచి ఆ ఇంట్లో ఆవిడ గొంతంటే ఇదే మిగులుతుందేమో అనిపించింది.

కీలకు పెట్టిన ముక్కలు ఏ రికార్డింగులోంచి కోశారో చూద్దామని అసలు ఫైలు తెరిచాను. వాళ్ల ఇల్లు పట్టాల పక్కనే. రైలు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఆగేవారు, రికార్డింగ్ మాత్రం ఆపేవారు కాదు. ఆ ఇళ్లల్లో అదే అలవాటు. ఫోనులో మాట్లాడుతున్నా, టీవీ చూస్తున్నా రైలు పోయేదాకా ఊరుకుని మళ్లీ అందుకుంటారు. తెర మీద ఆ మోతంతా లావుపాటి దిమ్మెల్లా కనిపిస్తోంది. కూతురు వాటన్నిటికీ ఎర్ర రంగు వేసి పెట్టింది, తీసిపారేయడానికి. ఒక దిమ్మె చివర నొక్కాను.

రైలు దూరమవుతోంది. దాని వెనక ఒక గొంతు లేచింది.

"ఒలే, ఇదేటే ఈ బాస? ఇలగ నీళ్లడిగితే మనింట్లో ఎవులిత్తారే? ఇంట్లోకి పోలీసులొచ్చారనుకుంటారు!" పెద్ద నవ్వు, ఆ నవ్వులోంచి దగ్గు, ఆ దగ్గులోంచే మళ్లీ కేక: "పాలు పొంగిపోతన్నాయ్, బేగి ఎల్లు!"

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. గరుగ్గా, వెచ్చగా, రైలు మోతకు లొంగని గొంతు. రోజంతా శబ్దాలతోనే బతుకుతాను గానీ ఒక మనిషి మొత్తం ఇంత చిన్న ముక్కలో పట్టడం నేనెప్పుడూ వినలేదు.

"అమ్మా, ఆ ఎర్రవేవీ చెరపకండి. మీ అమ్మగారు అందులోనే ఉన్నారు" అన్నాను.

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన శబ్దం.

ఇక ఆ పూటంతా రైళ్ల మధ్య మాటలు ఏరాం. తల్లి పక్కనే కూర్చుని ఏది ఉండాలో తనే చెప్పింది. "రా, కూకో." "తిన్నావా?" "ఏటీ?" "సాల్లే." టీ ఇంకొంచెం పొయ్యనా అని కూతురు అడిగితే నెమ్మదిగా అన్న ఒక "వద్దు". మందులూ నొప్పీ కూడా పెట్టుకోండని నేను గుర్తు చేస్తే తల్లే మైకు దగ్గరికి జరిగింది.

"నీళ్లకీ మందుకీ సైగ సేత్తే సరిపోద్ది బాబూ. తిట్టడానికి సైగలేటున్నాయి?"

చివరగా ఒకటి అడిగాను. కీని గట్టిగా నొక్కితే మాట గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా వస్తుంది. అది తీసేస్తే అన్నీ ఒక్కలా, స్పష్టంగా వినిపిస్తాయి, తీసేయనా? "ఉండనీ" అంది ఆవిడ. ఉంచేశాను.

కొన్ని వారాలకు కూతురు మళ్లీ ఫోన్ చేసింది. ఆపరేషన్ బాగా జరిగిందట, ఇంటికొచ్చేశారట. "సిన్న ఇబ్బంది సార్. ఒకే కీ ఎంటెంటనే నొక్కితే మాట మీద మాట పడిపోతంది. ఒకటయ్యాకే ఇంకోటి వచ్చీలా సెయ్యాల."

"ఒక్క సెట్టింగండీ, చిటికెలో పని" అన్నాను.

వెనక నుంచి మెల్లగా వినిపించింది: "వద్దు."

"ఉండమ్మా, సార్‌తో మాటాడతన్నాను."

"వద్దు." ఈసారి గట్టిగా. "వద్దు. వద్దు." అంతలో ఒకదాని మీద ఒకటి ఎక్కి, తోసుకుంటూ, "వద్దువద్దువద్దు!" అని గది నిండిపోయింది. టక్కున ఆగింది. అప్పుడు ఒక్కటే, దెబ్బలా పడింది: "సాల్లే!"

మేం రికార్డు చేసింది టీ వద్దన్న ఒకే ఒక్క మాట. అందులో కోపం లేదు. ఎన్నిసార్లు విన్నానో నాకు తెలుసు. ఆ కోపాన్ని ఆవిడ వేళ్లతో చేసింది. ఎక్కడ తొందరపడాలో, ఎక్కడ ఆగి భయపెట్టాలో, ఏ మాటను నలిపేయాలో అన్నీ అప్పటికప్పుడు తనే కూర్చుకుంది. పాటలు కట్టేవాళ్లని ఇన్నేళ్లుగా వింటున్నాను, ఇలాంటిది వినలేదు.

"సూసారా సార్?" కూతురు నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "గొంతు కోసేసినా నన్ను మాటాడనివ్వదు."

"మరి ఆ సెట్టింగు మార్చమంటారా?" అన్నాను, ఉద్యోగ ధర్మం కొద్దీ.

"ఏటీ?"

ఆ కీ ఎంత బలంగా పడిందంటే నా హెడ్‌ఫోన్ బద్దలైపోతుందనుకున్నాను. మ్యూట్ చేయాలన్న ఆలోచన కూడా రాలేదు.

"మార్చనులెండమ్మా" అన్నాను. ఆవిడకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు.