పాచిని పెంచిన మేడమ్

మా అద్దకం షెడ్డుకు వచ్చినవాళ్లంతా ముక్కు మూసుకునేవాళ్లు. కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే ఆ మేడమ్ మాత్రం రంగునీళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూసేది. తర్వాతే మాట్లాడేది.

మా మురుగుకాలువలోనే రంగును తినే జీవులు దొరికితే, వాటిని పెంచి మా తొట్టిలో వదిలింది. వారంలో ఎర్రనీళ్లు తేటపడ్డాయి. "ఈ జీవుల్ని పొడి చేసి అద్దకం ఊర్లన్నిటికీ అమ్మొచ్చప్పా" అనేది.

రంగునీళ్ల మీద ఫిర్యాదులొచ్చి షెడ్డు మూయిస్తానన్న ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. పెద్దమనిషి వస్తే ఇల్లు కడుగుతాం కదా! ముందురోజు తొట్టి గోడల పాచి గీకి, బ్లీచింగ్ పొడి చల్లి కడిగాను. ఆమె జీవులు ఆ పాచిలోనే ఉన్నాయని నాకు తెలియదు. కొత్తగా వదిలిన నీళ్లు ఎర్రగానే ఉండిపోయాయి.

"పాచికి కూడా డాక్టరేట్ ఇస్తారా మేడమ్?" అని మర్నాడు ఆమె చెప్పిందంతా విని, ఎర్రనీళ్లు చూసి ఆఫీసరు నవ్వాడు. ఆ నవ్వు చచ్చేదాకా మరవను.

"నేనే కడిగినా సార్" అన్నాను.

"నువ్వు ఊరుకోప్పా, చెప్పకపోవడం నా తప్పు" అని ఆమె తలుపుకు అడ్డం నిలబడింది. "నెల గడువియ్యండి సార్. లేదంటే నన్నూ లోపలే పెట్టి సీలు ఏసుకోండి."

గడువిచ్చాడు. ఆమె జీవుల్ని మళ్లీ పెంచి తొట్టిలో వదిలింది. నెలకు నీళ్లు తేటపడ్డాయి. అతను కాగితం మీద 'బాగుంది' అని రాశాడు. ఆమె ఆ మాట కొట్టేయించింది.

"బాగుండాదని మీరు మెచ్చుకోనక్కర్లేదు సార్. రంగు పోయిందని రాయండి. అది చూస్తేనే పక్కూరోళ్లు పొడి కొంటారు."

రాశాడు.