ఫోనక్క అడగని ప్రశ్న

ఫోనక్కకి ఆ పేరు పెట్టింది ఆవిడ మరిది. పెట్టి ఊరుకోకుండా ఆఫీసుకి వచ్చేపోయేవాళ్ళందరికీ అంటించాడు కూడా. ఆవిడకి కోపమేమీ రాలేదు. పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని, పనీ పాటా లేనట్టు ఊళ్ళోవాళ్ళందరికీ ఫోన్లు చేసే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

నిజానికి అదే ఆవిడ పని. కంపెనీలకి పెద్ద కుర్చీల్లో కూర్చోదగ్గవాళ్ళని వెతికిపెట్టడం ఆవిడ వృత్తి. ఒక ఫ్యాక్టరీకి అధిపతి కావాలంటే పేపర్లో ప్రకటన వేస్తే దొరకడు. అలాంటివాళ్ళు అప్పటికే ఎక్కడో కుదురుగా పనిచేసుకుంటూ ఉంటారు. వాళ్ళని కనిపెట్టాలి, మాట కలపాలి, ఉన్నచోటు నుంచి కదలమని అడగాలి. పెళ్ళిసంబంధాలు చూడటం దీనికన్నా తేలికని మరిది అంటుంటాడు. అక్కడ కనీసం అబ్బాయికి అప్పటికే పెళ్ళయి ఉండదట.

ఆఫీసంటే రెండు గదులు. కింద భర్తగారి కళ్ళజోళ్ళ షాపు, పైన ఈవిడ. మెట్లు షాపులోంచే ఎక్కాలి. ఇది మొదట్లో ఇబ్బందనుకున్నారు గానీ, తర్వాత అదే కలిసొచ్చింది. వేరే ఉద్యోగం చూసుకుంటున్నట్టు తమ కంపెనీలో పొక్కితే కొంప మునుగుతుందని భయపడే పెద్ద పెద్ద మేనేజర్లు, కళ్ళు పరీక్ష చేయించుకునే వంకతో దర్జాగా వచ్చేవాళ్ళు. కొందరు మొహమాటానికి అద్దాలు కూడా చేయించుకునేవాళ్ళు. నా షాపు నడిచేదే మా ఆవిడ పుణ్యమా అని అంటూ భర్త మురిసిపోయేవాడు.

ఫోనక్క పద్ధతి వేరు. ఈ వృత్తిలో ఎక్కువమంది ఖాళీ పడినప్పుడే మనుషుల్ని తలుచుకుంటారు. మూడేళ్ళు పత్తా లేకుండా పోయి, అవసరం రాగానే "ఎలా ఉన్నారు సార్" అంటూ తేనె ఒలకబోస్తారు. ఆవిడకి ఆ తీరంటే ఒళ్ళుమంట. అందుకే రోజూ పొద్దున ఇద్దరు ముగ్గురికి ఊరికే ఫోన్ చేస్తుంది. పిల్లల చదువులు, పెద్దల మందులు, ఇల్లు కారుతోందా, కుక్కకి జ్వరం తగ్గిందా అన్నీ అడుగుతుంది. ఆ ఫోన్లలో ఉద్యోగం ఊసు ఎత్తకూడదన్నది ఆవిడ పెట్టుకున్న నియమం. చెప్పాల్సింది చెప్పాలి కదా, ఆ నియమం వల్లే అందరూ ఆవిడ ఫోన్ ఎత్తేవాళ్ళు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకి తమ బాగోగులు అడిగేవాళ్ళు మహా తక్కువ.

అలా కలిసిన మనుషుల్లో ఇంజనీరమ్మ ఒకరు. సీసాలు చేసే ఒక గాజు ఫ్యాక్టరీని ఒంటిచేత్తో నడిపిస్తున్న మనిషి. పన్నెండేళ్ళ కిందట ఫోనక్క ఆవిడకి వేరే ఊళ్ళో మంచి పదవి చూసింది. అంతా కుదిరి, ఇక సంతకమే తరువాయి అనుకున్న వారంలో ఇంజనీరమ్మ భర్తకి ప్రమాదం జరిగింది. మోకాలు నుజ్జయిపోయింది. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. ఇంజనీరమ్మ ఈ మెట్లెక్కి వచ్చి, "ఇప్పుడు రాలేనండి" అని చెప్పి, కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఫోనక్క మనసు కరిగిపోయింది. ఈ మనిషిని ఇంకెప్పుడూ ఉద్యోగం మాటతో బాధపెట్టకూడదని ఆ రోజే అనుకుంది.

అప్పట్నించీ నెలకో రెణ్ణెల్లకో ఫోన్ చేస్తూనే ఉంది. మోకాలికి మళ్ళీ ఆపరేషన్ అయితే తెలిసింది. కర్ర పట్టుకుని నడిస్తే తెలిసింది. కర్ర పక్కన పడేసి మళ్ళీ ఉద్యోగంలో చేరితే, ఫోన్లోనే సంతోషంతో ఉబ్బితబ్బిబ్బయింది. అన్నీ తెలుసు. తెలిసీ, ఆవిడ మనసులో ఇంజనీరమ్మ మాత్రం ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

ఈ ఏడాది పెద్ద గాజు కంపెనీ ఛైర్మన్‌గారు కబురు పెట్టారు. ఫోనక్కకి పాత ఖాతాదారు, ఆయనకి ఆవిడ మాటంటే వేదం. మొత్తం కంపెనీని నడిపించే అధిపతి కావాలన్నారు. మాటల్లో, "ఆ ఇంజనీరు ఒకావిడ ఉండాలి, ఆవిడెలా ఉంటుంది?" అని ఆయనే అడిగారు. ఫోనక్క ఆరిందాలా చెయ్యి ఊపి, "ఆవిడ రారండి. ఇంటి పరిస్థితులు నేనెరుగుదును" అంది. పైగా అలా చెప్పగలిగినందుకు కాస్త గర్వపడింది కూడా. ముగ్గురు మగవాళ్ళని చూపించింది. అందులో ఒకాయన ఛైర్మన్‌గారికి నచ్చాడు. బోర్డు సమావేశం అయ్యాక ఆయనకి నియామకం ఉత్తరం ఇచ్చేద్దామనుకున్నారు.

ఈలోగా గాజు పరిశ్రమవాళ్ళ సభ ఒకటి జరిగింది. భోజనాల దగ్గర ఛైర్మన్‌గారికి ఇంజనీరమ్మ ఎదురుపడింది. ఆయన మర్యాదస్థుడు. మీరు రాలేనన్నారని తెలిసి బాధపడ్డానమ్మా అన్నారు. ఎవరు చెప్పారని ఇంజనీరమ్మ అడిగింది. ఆయన చెప్పారు. ఆవిడ కంచంలో చెయ్యి కడిగేసుకుని వెళ్ళిపోయిందట.

ఈ సంగతి ఫోనక్కకి ఛైర్మన్‌గారి ఫోన్‌తోనే తెలిసింది. వెంటనే ఇంజనీరమ్మకి చేసింది. ఎత్తలేదు. మధ్యాహ్నం చేసింది, ఎత్తలేదు. పన్నెండేళ్ళలో ఆ నంబరు ఎప్పుడూ అలా మోగి మోగి ఆగిపోలేదు. మరిది కూడా ఆ రోజు జోకులేయలేదు.

కింద షాపు మూసేటప్పుడు భర్తతో చెప్పుకుని బాధపడింది. ఆయన అద్దం తుడుస్తూ విన్నాడు. "నువ్వు ఆవిడ మంచికే అనుకున్నావు, కాదనను. కానీ నా దగ్గరికి ఎన్నేళ్ళుగా వస్తున్నవాడైనా సరే, పాత చీటీ చూసి అద్దాలివ్వను కదా. కూర్చోబెట్టి మళ్ళీ చూస్తాను" అన్నాడు. ఇంకోరోజైతే ఆయనతో వాదన పెట్టుకునేదే. ఆ రోజు షట్టరు దించడానికి ఒక చెయ్యి వేసింది.

మర్నాడు ఇంజనీరమ్మ నడిపే గాజు ఫ్యాక్టరీకి తనే వెళ్ళింది. కొలిమి వేడి గేటు దగ్గరే మొహానికి కొట్టింది. లోపల ఎర్రటి సీసాలు వరసగా కదిలిపోతున్నాయి, ఒకదానికొకటి తగిలీ తగలనట్టు గలగలమంటున్నాయి. ఆ హోరులో మాట వినపడదు. ఇంజనీరమ్మ ఒక సీసాని వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తోంది. ఫోనక్కని చూసి, సీసా కింద పెట్టి, పక్కనున్న పరీక్ష గదిలోకి దారి తీసింది. తలుపు వేస్తే చప్పుడు తగ్గింది.

కోప్పడటం న్యాయమేనని ఫోనక్క మొదలుపెట్టబోయింది.

"కోపం కాదక్కా," అంది ఇంజనీరమ్మ. "మా ఆయన మోకాలు ఎలా ఉందో మీకు తెలుసు. మా అబ్బాయి ఏ పరీక్ష తప్పాడో తెలుసు. మా అత్తగారికి ఏ మాత్ర పడదో కూడా తెలుసు. నాకేం కావాలో మాత్రం మీరు ఒక్కసారి కూడా అడగలేదు."

ఫోనక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మీరు ఏడ్చారు, మళ్ళీ ఆ మాటెత్తితే నొచ్చుకుంటారనుకున్నానని నెమ్మదిగా చెప్పింది.

"అప్పుడు రాలేనన్నాను. ఎప్పటికీ రానని అనలేదు."

"మరి మీరైనా ఒక్క మాట అనాల్సింది కదమ్మా."

ఇంజనీరమ్మ నవ్వింది గానీ అందులో సంతోషం లేదు. "ఎలా అంటాను? ఈ ఫోన్లలో పని మాట ఎత్తనని మొదట్లోనే చెప్పారు. నేనెత్తితే, ఇన్నాళ్ళూ ఇందుకే మాట్లాడుతున్నానని అనుకుంటారని ఊరుకున్నాను. నాలుగేళ్ళుగా మీ ఫోన్ వచ్చినప్పుడల్లా, ఈసారి అడుగుతారేమో అనుకునేదాన్ని."

నాలుగేళ్ళు. భర్త కర్ర పక్కన పడేసినప్పట్నించీ అన్నమాట. తను ఫోన్లో పొంగిపోయిన రోజు నుంచీ ఈవిడ ఎదురుచూస్తూ ఉంది. ఫోనక్కకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన మంచితనం మీద తనకే రోత పుట్టింది. ఆప్యాయత పేరు చెప్పి, ఒక నిండు మనిషి తరఫున తనే జవాబు చెప్పేసింది. ఎదుటి మనిషికి నోరుందన్న సంగతే మర్చిపోయింది.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది. "మీకు ఆ పదవి కావాలా?"

"కావాలి," అంది ఇంజనీరమ్మ. మొహమాటం లేదు, నీళ్ళు నమలడం లేదు.

ఫోనక్క అట్నించి అటే ఛైర్మన్‌గారి దగ్గరికి వెళ్ళింది. తనకి తెలుసనుకుని చెప్పాననీ, అడక్కుండా చెప్పాననీ ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. ఆవిణ్ణి తీసుకోమనడం లేదు, ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడమంటున్నానంది. ఛైర్మన్‌గారు మొహం గంటు పెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ మీ మాట మీదే మనుషుల్ని తీసుకున్నాను, ఇంకెంతమంది విషయంలో ఇలా మీరే తేల్చేశారని అడిగారు. ఏదో ఒకటి చెప్పి సర్దుకోవచ్చు. ఆవిడ సర్దుకోలేదు.

"తెలియదండి," అంది. "వెనక్కి వెళ్ళి చూసుకోవాలి."

ఆయన చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశారు. చివరికి, బోర్డు ముందు ఆవిడతో కూడా మాట్లాడతామన్నారు. ఫోనక్క మాత్రం ఆ గదిలో ఉండక్కర్లేదన్నారు. ఇకముందు మనుషుల్ని వెతికే పని ఈవిడకి ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత చూద్దామన్నారు. అది న్యాయమేననిపించింది ఆవిడకి. మెట్లు దిగుతుంటే మనసు కాస్త తేలికపడింది.

బోర్డువాళ్ళు ఇంజనీరమ్మతో ఒక పూటంతా మాట్లాడారు. ఫోనక్క ఆ పూట కాలుగాలిన పిల్లిలా షాపులో అటూ ఇటూ తిరిగి, వచ్చినవాళ్ళకి ఫ్రేములు తప్పుగా చూపించి భర్త చేత చీవాట్లు తింది. సాయంత్రానికి ఛైర్మన్‌గారి దగ్గర్నించి రెండు ముక్కల కబురు వచ్చింది. ఆవిణ్ణే తీసుకుంటున్నాం అన్నారు. ఫోనక్క ముందు, ఛైర్మన్‌గారికి మొదట నచ్చిన ఆయనకి ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పి క్షమించమని అడిగింది. ఆయన మాట పూర్తవకుండానే పెట్టేశాడు. ఆయనకి మళ్ళీ చేయాలి, చేస్తుంది. కోపం తగ్గాక కాదు, తగ్గకముందే.

ఇంజనీరమ్మ కొత్త కుర్చీలో కూర్చున్న కొద్ది వారాలకి కబురంపింది. ఫోనక్క భయం భయంగానే వెళ్ళింది. పదవిలోకి వచ్చాక మనుషులు మారిపోవడం ఆవిడ చాలా చూసింది. ఇంజనీరమ్మ టీ తెప్పించింది. తన కింద ఫ్యాక్టరీలు చూసుకోవడానికి ఒకరు కావాలంది. ఛైర్మన్‌గారు వేరేవాళ్ళకి ఇద్దామన్నారట, తనే ఒప్పించి ఈ పని ఫోనక్కకే ఇప్పించిందట. ఫోనక్క కృతజ్ఞత చెప్పబోతే వారించింది.

"ఒక షరతు ఉందక్కా. కొత్తవాళ్ళ కోసం తర్వాత వెతుకుదురు గాని. 'రారు' అని మీరే తేల్చేసినవాళ్ళు మీ దగ్గర ఇంకా ఉండే ఉంటారు. ముందు వాళ్ళని అడగండి."

మర్నాడు పొద్దున ఫోనక్క టీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చుంది. మరిది ఎదురుగా కూర్చుని, ఇవాళ ఎవరి కుక్కకి జ్వరం వదినా అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన గుర్తొచ్చాడు. పాప పెద్ద చదువుకి వచ్చేదాకా కదలనని ఎప్పుడో అన్నాడు. అప్పట్నించీ ఆ పాప బొమ్మల గురించీ, పళ్ళ గురించీ, పరీక్షల గురించీ కబుర్లే తప్ప ఇంకో మాట లేదు.

ఆయనకి ఫోన్ చేసింది, ఎత్తాడు. పాప ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాడు. ఇక అలవాటు ప్రకారం ఇంట్లో పెద్దవాళ్ళ గురించి అడగాలి. ఫోనక్క అది అడగలేదు. వయసొచ్చిన మనిషి, ఇన్నేళ్ళ అనుభవం, అయినా మొదటిసారి అడుగుతున్నట్టు అనిపించింది.

"ఒక గాజు కంపెనీలో పెద్ద పదవి ఉంది. మీరు వస్తారా?"

ఆయన, "రానండి," అన్నాడు. "ఇక్కడ మొదలుపెట్టిన పనొకటి ఉంది, అది పూర్తయ్యేదాకా రాలేను. కానీ అడిగినందుకు సంతోషంగా ఉంది. నన్ను మర్చిపోయారనుకున్నాను."

ప్రతి నెలా మాట్లాడుతూనే ఉన్నాను కదండీ, అందామనుకుని ఆగిపోయింది ఫోనక్క.

"ఆ పని ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగింది. ఆయన చెబుతుంటే, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వింది.