డౌట్లు లేని ట్రైనింగు

శామీర్‌పేటలో సర్కారు బడి పిల్లలకు సాయంత్రాలు ఉచితంగా చదువు చెప్పే వాలంటీర్లకు ఆ ఆదివారం ట్రైనింగు. రిటైరైన టీచర్నని అల్వాల్ నుంచి నన్నూ పిలిచారు. హాజరు రాయించడం, టీ ఇప్పించడం నా పని.

ట్రైనింగిచ్చే ఆయన కొంపల్లి నుంచి కారులో వచ్చాడు. తెర మీద బొమ్మలు మారుస్తూ రెండు గంటలు ఏకధాటిగా మాట్లాడి, వాచీ చూసుకుని, "ఎనీ డౌట్స్?" అన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. "వెరీ గుడ్, అందరికీ అర్థమైపోయిందండీ" అని తనను తానే మెచ్చుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నిజానికి నవ్వే మొహం నాకూ లేదు. ముప్పై ఏళ్లు "అర్థమైందా?" అని అరిచి, "ఐంది టీచర్" అన్న మూకుమ్మడి కేకను నమ్మినట్టు నటించి జీతం తీసుకున్నదాన్ని.

టీ దగ్గర, దూలపల్లిలో జాకెట్లు కుట్టే ఒకామె నన్ను పక్కకు లాగింది. "మేడం, భాగహారం నాకే సక్కగ రాదు. పోరగాండ్లకు ఏం జెప్పాలె? అందరి ముంగట అడిగితే ఇజ్జత్ పోతది."

"గిదే చీటీ మీద రాయి. పేరు పెట్టకు" అన్నాను. అందరికీ తలా ఒక కాగితం ముక్క పంచాను. డౌట్లే లేని ఆ గదిలోంచి పంతొమ్మిది చీటీలు వచ్చాయి.

ఆయన నాలుగు చదివి మొహం చిట్లించాడు. "ఇవేంటండీ? ఒక పిల్ల రోజూ క్లాసులో నిద్రపోతోందట, ఏం చెయ్యాలట! ఇది మన టాపిక్ కాదు కదా."

"పిల్ల నిద్రపోతుంటే మీ టాపిక్ ఎవరికి చెప్పాలి సార్?" అన్నాను.

"కౌన్సెలింగ్ ఇవ్వాలండి."

"ఎట్లా?"

ఆయన తెర మీద వెతికాడు. అక్కడ లేదు.

అప్పుడు జాకెట్లు కుట్టే ఆమె లేచింది. "గా పిల్ల మా గల్లీదే సార్. వాళ్లమ్మ పొద్దుగాల్నే లేపి పూలు కట్టిపిస్తది. నేను పోయి మాట్లాడ్త." ఆ వెంటనే, "భాగహారం చీటీ నాదే. ఎవ్వలన్న నేర్పుండ్రి" అంది.

ఎవరూ నవ్వలేదు. మందుల కంపెనీలో పనిచేసే ఒకాయన, "నేను జెప్త అక్కా. నాకు పోరగాండ్లు మాటినరు, గదెట్లనో నువ్వు జెప్పు" అన్నాడు. దాంతో మిగతా చీటీలు రాసినవాళ్లూ ఒక్కొక్కరే బయటపడ్డారు.

ట్రైనింగిచ్చిన ఆయన గ్రూపు ఫోటో దిగి వెళ్లిపోయాడు. "సందేహాలన్నియు నివృత్తి చేయబడినవి" అని రిపోర్టు పంపాడు. ఎవరు చేశారో రాయలేదు.

తర్వాతి ఆదివారం ఆయనను పిలవకుండా మేమే గుండ్రంగా కూర్చున్నాం. "ఈ వారం ఎక్కడ ఆగిపోయిండ్రు?" అని అడిగి, ముందు నేనే చెప్పాను, కొత్త పుస్తకంలో ఒక లెక్క నాకు రాలేదని. బడిలో ఉన్నన్నాళ్లూ ఆ ఒక్క మాట నా నోట రాలేదు.