మార్జిన్లో చెరకు గడలు

నాకు అనుమానం జాస్తి. బజార్లో కాటా సున్నా దగ్గర నిలబడిందో లేదో చూడకుండా వంకాయలు కూడా తూయించుకోను. నర్సీపట్నంలో ఐదో తరగతికి లెక్కలు చెబుతాను. అక్కడా అదే బుద్ధి.

గురుకులం ప్రవేశపరీక్షకు ప్రాక్టీసు టెస్టు పెట్టాను. మాకవరపాలెం వైపు నుంచి వచ్చే ఒక పిల్ల జవాబులన్నీ ఒప్పే, స్టెప్పు మాత్రం ఒక్కటీ లేదు. మార్జిన్ నిండా పొడుగు గీతలు, వాటి మీద అడ్డంగా గాట్లు. పక్క బెంచీ పిల్ల పేపర్లోనూ అవే గాట్లు! ఇంకేముంది, మూడు గాట్లంటే మూడో ఆప్షన్ అని ఇద్దరూ గుర్తులు పెట్టుకున్నారని తేల్చేశాను. వేలెడంత లేరు, ఎంతకి తెగించారు!

ఆ పిల్లకి సీటెంత అవసరమో నాకు తెలుసు. అమ్మానాన్నలు చెరకు కోతలకి ఊళ్లు తిరుగుతారు. హాస్టల్ దొరక్కపోతే తనూ వాళ్ల వెంట పోవాల్సిందే. అయినా కాపీ కొట్టేదాన్ని పరీక్షకి పంపనని హెడ్మాస్టరుగారితో చెప్పేశాను.

చెప్పాక మనసు ఊరుకోలేదు. మర్నాడు ఆ పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెట్టి, అప్పటికప్పుడు కల్పించిన లెక్క ఇచ్చాను. చెల్లి దగ్గరున్న జీడిపిక్కలకి మూడు రెట్లు అక్క దగ్గరున్నాయి. అక్క పన్నెండు ఇచ్చేస్తే ఇద్దరివీ సమానం. మొత్తం ఎన్ని?

ఆ పిల్ల రెండు పొడుగు గీతలు గీసి ఒకదాన్ని మూడు ముక్కలు చేసింది. రెండోది ఒక్క ముక్కే.

"ఇదేటే?"

"సెరకు గడలండి. మా ఇంట్లో కణుపుల లెక్కనే పంచుకుంటామండి, తగువు రాకుండా. అక్క ఓ ముక్క సెల్లికిచ్చెత్తే ఇద్దరికీ రెండేసి. ఆ ముక్కే పన్నెండు. నాలుగు ముక్కలకీ నలభై ఎనిమిదండి."

పక్క బెంచీ పిల్లకి నేర్పిందీ ఇదేనట. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూటే పేరు పంపించాను.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? నాకొచ్చిన అనుమానమే ఇన్విజిలేటరుకీ వస్తే? పేపరు లాగేసుకుంటే? ఒక్క గీతా గీయొద్దని, అంతా బుర్రలోనే చేసుకోమని చెప్పి, ఒట్టు కూడా వేయించుకున్నాను.

పరీక్ష రోజు గేటు బయట నిలబడ్డాను. ఆ పిల్ల పరుగున వచ్చి ప్రశ్నపత్రం నా చేతిలో పెట్టింది.

"ఒక్క గీతా గీయనేదండి టీచరుగారూ, సూడండి."

మార్జిన్లన్నీ తెల్లగా ఉన్నాయి. జీడిపిక్కల లాంటి లెక్కలే నాలుగిచ్చారు. దేనికేం పెట్టావని అడిగితే నాలుగూ తప్పే చెప్పింది.

"బుర్రలో గీత్తే గడలు కలిసిపోతన్నాయండి," అంది, తప్పు తనదే అన్నట్టు.

ఇన్విజిలేటరు నీ వైపు వచ్చారా అని అడిగాను. రానేలేదట, కుర్చీలో కూర్చుని సెల్లు చూసుకున్నారట. నాలుగు గడలు గీసుకున్నా అడిగే నాథుడే లేడు.

సీటు రాలేదు. చెరకు కోతలు మొదలవగానే ఆ పిల్ల అమ్మానాన్నల వెంట వెళ్లిపోయింది. ఆ హాల్లో తనని ఎవరూ అనుమానించలేదు. ఆ పని నేనొక్కదాన్నే చేశాను.