నసీమ్ మేడం, నాయిన తువ్వాల

మొన్న సంతరోజు పెబ్బేరు దగ్గర మా బస్సు ఆగిపోయింది. దారి నిండా ఎద్దులు. కిటికీలోంచి దుమ్మూ పేడవాసనా కలిసి లోపలికి వస్తుంటే, ఎవరో రైతు తన ఎద్దును అదిలించాడు. నాలుకను పక్క దవడకు అంటించి లాగి వదిలితే వచ్చే ‘ట్లక్’ చప్పుడు. ఊళ్లో పెరిగినవాళ్లు దాన్ని పట్టించుకోను కూడా పట్టించుకోరు. నాకు మాత్రం నసీమ్ మేడం గుర్తొచ్చింది. ఎద్దును తోలే చప్పుడుకు గురువు గుర్తుకు రావడం ఏం మర్యాద అంటారేమో. ఆమె వింటే మురిసిపోయేది.

మేడం గద్వాల మనిషి. వనపర్తి డిగ్రీ కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పేది. పాఠం పావువంతు, లోకంలోని భాషల ముచ్చట్లు ముప్పావువంతు. ఏ దేశమూ పోలేదు, అన్నీ ఫోనులో విని పట్టుకున్నవే. హాంగ్‌కాంగ్‌లో మాట్లాడే కాంటనీసు, దక్షిణాఫ్రికాలో మాట్లాడే ఖోసా అంటే ఆమెకు ప్రాణం. కాంటనీసులో ‘సి’ అన్న ఒక్క పలుకునే గొంతు ఎత్తి ఒకలా, దించి ఒకలా అంటే కవిత అనీ, సంత అనీ, కాలం అనీ వేరువేరు మాటలవుతాయట. ఖోసాలోనూ గొంతు ఎత్తుపల్లాలున్నాయి గానీ, దాని సొగసంతా నాలుక చప్పుళ్లలో ఉందనేది. మనం జాలిపడి చేసే ‘ట్చ్’, ఎద్దును తోలే ‘ట్లక్’ అక్కడ మాటల్లో అక్షరాలు. ఆ భాష పేరు మొదలయ్యేదే ‘ట్లక్’తో. మనకు నోరు తిరగక ‘ఖ’ అంటున్నాం.

“ఒకరు గొంతుతోని సేద్యం చేస్తరు, ఇంకొకరు నాలుకతోని. ఎవల పంట వాళ్లది,” అనేది మేడం. క్లాసంతా ట్లక్ ట్లక్‌మంటుంటే, పశువులను ఎవరు తోలుకొచ్చారా అని పక్క క్లాసు సారు తొంగిచూసి పోయాడు.

నేను రెండో సంవత్సరంలో ఉండగా నాయినకు పక్షవాతం వచ్చింది. మా ఊరు పెద్దమందడిలో మెట్టచేను చేసుకుంటూ, పెబ్బేరు సంతలో పశువుల బేరాలు కుదిర్చే మనిషి. మాటే ఆయన బతుకు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పడిపోయాయి. మేం చెప్పేది అర్థమయ్యేది, జవాబు మాత్రం వచ్చేది కాదు. చూడవచ్చిన ప్రతి చుట్టమూ మంచం పక్కన కూర్చుని ‘నేనెవర్నో చెప్పు చూద్దాం’ అని పరీక్ష పెట్టేవాడే. మేమూ తక్కువ తినలేదు. చెంబు చూపించి ‘నీళ్లు అను నాయినా’ అని చంపుకు తిన్నాం. చివరికి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెట్టినా ఇటు తిరగలేదు. నాయిన మళ్లీ మాతో మాట్లాడతాడా, ఇట్లాగే గోడను చూస్తూ పోతాడా అన్న భయంతో నేను కాలేజీ మానేశాను.

విషయం తెలిసి మేడం బస్సెక్కి వచ్చింది. ఎట్లున్నవని అడగలేదు. గోడవైపు తిరిగిన వీపుకే, ఆ వారం క్లాసులో ఏం చెప్పిందో చెప్పుకుంటూ పోయింది. ఫోనులో కాంటనీసు వినిపించింది. నాయిన కదల్లేదు. తర్వాత ఒక ఖోసా ముసలమ్మ చెప్పే కథ పెట్టింది. మాటకూ మాటకూ నడుమ ‘ట్లక్’ వినిపించేసరికి నాయిన మెల్లగా ఇటు తిరిగాడు.

“గీ అవ్వ ఎవల ఎద్దుల తోలుకపోతున్నదో అని సూస్తున్నవా అన్నా?” అంది మేడం.

నాయిన మూతి నవ్వుతో ఒక పక్కకు వంగింది. ఆ వంకర మూతితోనే ‘ట్లక్’ అన్నాడు. సంతలో అన్నంత గట్టిగా. వంటింట్లో ఉన్న అమ్మ పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

వెళ్లేటప్పుడు మేడం నన్ను వాకిట్లోకి పిలిచింది. “లేనిదడిగితే ఎవలైన మొకం తిప్పుకుంటరు బిడ్డా. జర ఉన్నదడుగుర్రి.”

ఉన్నది అడగడం మొదలుపెట్టాం. ‘ట్లక్’ అంటే బయటికి పోదాం. ‘ట్చ్’ అంటే వద్దు. గొంతు ఎత్తి మూలిగితే ప్రశ్న, దించి మూలిగితే సరే. సగం కాంటనీసు, సగం ఖోసా అని, తర్వాత చూడవచ్చినప్పుడల్లా మేడం మా ఇంటి భాషను మెచ్చుకునేది. ఒకరోజు నాయిన తనంతట తానే ఎడమచేతి మీద తువ్వాల కప్పుకుని ఆమె వైపు చాపాడు. పశువుల సంతలో బేరం అట్లాగే నడుస్తుంది. తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఏం చెప్పుకున్నారో పక్కనున్నవాడు అడగకూడదు. నేనే ఈ కట్టుబాటు వివరిస్తే, మేడం కొంగు సర్దుకుని తువ్వాల కింద చెయ్యి పెట్టింది. ఆ తర్వాత మందులకు, జొన్నరొట్టెలకు అమ్మతోనూ బేరాలే. తినాల్సిన రొట్టెను సగానికి తగ్గించుకున్నప్పుడు ఆయన గర్వం చూడాలి. నేను మళ్లీ కాలేజీకి పోయాను.

కొన్నేళ్ల తర్వాత మేడం గొంతులో జబ్బు తేలింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఈ సంగతి చెప్పగానే నాయిన కర్ర అందుకుని ‘ట్లక్’ అన్నాడు. గద్వాలకు తీసుకుపోయాను. ఆ ఇంట్లో చుట్టాలు ఆమెకు చెవుడు వచ్చినట్టు పెద్దగా అరుస్తున్నారు. ఆమె గోడవైపు చూస్తోంది. నాయిన వెళ్లి పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. చాలాసేపు అట్లాగే ఉన్నారు. నేను అడగలేదు.

మేం లేచేటప్పుడు మేడం నన్ను ఆగమని సైగ చేసింది. గొంతు మీది కట్టు చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. తర్వాత నోరు చూపించి, ‘ట్లక్’ అంది. గొంతు పోయినా ఆ చప్పుడు పోలేదు. దానికి నాలుక చాలు. కాంటనీసు పోయింది, ఖోసా మిగిలింది. నా మొహంలో అర్థమైనట్టు కనిపించిందేమో, మేడం కళ్లు నవ్వాయి.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూలులో పాఠాలు చెబుతున్నాను. నోరు విప్పని పిల్లలు ఏటా ఒకరిద్దరు వస్తారు. వాళ్ల దగ్గర ఏముందో వెతికి అదే అడుగుతాను. తెలియక లేనిది అడిగిన రోజు మేడం నన్ను గదమాయించినట్టే ఉంటుంది.

మేడం పోయిన కబురు నేనే నాయినకు చెప్పాను. ‘ట్చ్’ అన్నాడు, ఒక్కసారే. తర్వాత ఎడమచేతి మీద తువ్వాల కప్పుకుని, జీవితంలో మొదటిసారి నా వైపు చాపాడు. లోపల ఆయన వేళ్లు నా వేళ్లను వెతికి పట్టుకున్నాయి. ఏం చెప్పాడో మీరు అడగకూడదు.