రెండో షిఫ్టు పిల్లగాడు

ఆ రోజుల్లో మా సుల్తానాబాద్‌లో పిల్లలకు రెండే గొప్పలుండేవి. ఒకటి లెక్కల్లో ఫస్టు రావడం, రెండోది మానేరు నిండుగా ఉన్నప్పుడు ఈది అవతలికి పోవడం. నాకు లెక్కలూ రాలేదు, ఈతా రాలేదు. నాకు వచ్చిందల్లా చావడం. ఎనిమిదో ఏట మొదలుపెట్టి పద్నాలుగో ఏటి దాకా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఊరూరా తిరిగి నాటకాల్లో చచ్చాను. ఇంత బాగా చచ్చే పిల్లవాడు గోదావరికి అటూ ఇటూ లేడని మా హార్మోనియం మాస్టరు మైకులో చెప్పేవారు. ఆయనకు కోతలు కోసే అలవాటుంది గానీ, ఈ ఒక్క మాట మాత్రం నిజమేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మాస్టరే మా నాటక సమాజానికి పెద్ద. ఆయన రాసింది ఒక్కటే నాటకం. పేద తల్లి, జ్వరంతో మంచం పట్టిన కొడుకు, మందు తీసుకుని సరిగ్గా ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చే తండ్రి. తల్లి వేషం మా ఊరి పోస్ట్‌మ్యాన్‌ది. పొద్దున సైకిలు మీద ఉత్తరాలు పంచి సాయంత్రం చీర కట్టేవాడు. అందుకని ఊరంతా ఆయన్ను అమ్మమామ అని పిలిచేది. బక్కపలచని మనిషి, ఒళ్లో పడుకుంటే మోకాలి చిప్పలు వీపులో గుచ్చుకునేవి. నేను ప్రాణం వదలగానే ఆయన పద్యం ఎత్తుకునేవాడు. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అనడం ఆనవాయితీ. పాడేవాడికేం, మళ్లీ పాడతాడు. కానీ బతికున్న కొడుకు మీద ఏడుపు పద్యం ఎలా పాడతారు? అందుకని మాస్టరు ఒక పద్ధతి పెట్టారు: వన్స్ మోర్ అన్నప్పుడల్లా నేను లేచి కూర్చుని, రెండు సార్లు దగ్గి, మళ్లీ చావాలి. ఇచ్చోడలో ఓసారి జనం "పరత్, పరత్" (అక్కడ మరాఠీ కలిపి మాట్లాడతారు, మళ్లీ మళ్లీ అని) అంటూ మూడు సార్లు చంపారు. మూడోసారి దాహం తట్టుకోలేక లేచి నీళ్లడిగి, చెంబెడు తాగి, మూతి తుడుచుకుని మరీ చచ్చాను. దానికి ఇంకా ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

ఇంత పేరొచ్చినా నా చావు చూడని మనిషి ఒకే ఒక్కడు, మా బాపు. దగ్గరి ఊళ్లలో ఆట ఉంటే సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు, ముందు వరసలో కూర్చునేవాడు. నాకు జ్వరం పెరిగి అమ్మమామ తల ఒళ్లోకి తీసుకోగానే పక్కవాళ్లతో "సైకిలుకు తాళమేసిన్నో లేదో సూసొస్త" అని లేచి పోయేవాడు. ఒక్క ఆటకు కూడా ఇది తప్పలేదు. తెర పడ్డాక గానీ తిరిగి కనబడేవాడు కాదు. జిల్లాలు జిల్లాలు నా కోసం ఏడుస్తుంటే కన్నతండ్రికి సైకిలు ఎక్కువైందని నాకు లోపల చాలా బాధగా ఉండేది. అవ్వతో (మా అమ్మను అలాగే పిలిచేవాణ్ని) చెప్పుకుని ఏడిస్తే "నీ బాపు సంగతి నీకేం తెల్సురా" అని ఊరుకునేది.

పద్నాలుగో ఏట గొంతు మారింది, కాళ్లు పొడుగు సాగాయి. ఒళ్లో పడుకుంటే పాదాలు స్టేజీ అంచు దాటి ముందు వరసలోని పెద్దమనిషి తలపాగాకు తగిలాయి. మాస్టరు నన్ను పక్కకు పిలిచి "బిడ్డా, నిన్ను లేవట్టుడు నలుగురితోని గూడ అయితలేదు. ఇగ సచ్చుడు బంద్ జెయ్" అన్నారు. అలా, తోటి పిల్లలు ఎనిమిదో తరగతిలో ఉండగా నేను రిటైరయ్యాను. తరువాత ఎనిమిదేళ్లు బాపు నడిపే బియ్యం మిల్లులో గుమస్తాగా కూర్చుని, తవుడు దుమ్ములో దగ్గుతూ, ఆ దగ్గు ఎంత సహజంగా వస్తోందో, ఎంత వృథాగా పోతోందో తలచుకుని కుమిలిపోయాను.

మాస్టరుకు చూపు మందగించి సమాజం మూసేస్తానన్నప్పుడు, నేను నడుపుతానన్నాను. వేషం ఇవ్వకపోతే ప్రొడ్యూసర్నే అవుతానని నా పంతం. బాపు ఒడ్లు కొలిచే మనిషి, మాట కూడా కొలిచే మాట్లాడతాడు. "ఒక్క ఆట ఆడియ్. నేనొచ్చి సూస్త. జనం సగంల లేసిపోయిండ్రా, మల్ల నాటకం పేరెత్తద్దు. సచ్చేదాంక మిల్లులనే కూసోవాలె" అన్నాడు. నేను సరేనన్నాను. నా బతుకంతా ఆ ఒక్క ఆట మీద పెట్టాను.

ఆ ఆటను శ్రీరాంపూర్‌లో పెట్టాను. బొగ్గు బాయిల (గనుల) ఊరు, జనానికి కొదవ లేదు. రాత్రి కరెంటు నమ్మడానికి లేదని తెలివిగా పగలు ఒంటిగంటకు మొదలుపెట్టాను. షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో బాపు, అవ్వ. సామాన్ల లారీలోనే మాతో వచ్చారు. ఏడేళ్ల కొత్త పిల్లవాడు చక్కగా మూలుగుతున్నాడు. అమ్మమామ తల ఒళ్లోకి తీసుకున్నాడు. అంతే, ఊరంతా అదిరేలా సైరన్ మోగింది. కుర్చీల్లో సగం మంది టిఫిన్ డబ్బాలు పట్టుకుని లేచారు! రెండో షిఫ్టు వాళ్లట. బాయిల ఊళ్లో ఆట పెట్టేవాడు మొదట అడగాల్సింది షిఫ్టు వేళలని మిల్లు గుమస్తాకు ఎవరు చెప్పారు? వాళ్లలో పహిల్వాన్ లాంటి ఒకాయన స్టేజీ దగ్గరికే వచ్చి, తెర పక్కన నిలబడ్డ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, జర ఆపుండ్రి. రాత్రి పదకొండు గొట్టంగ డ్యూటీ దిగి వస్తం. అప్పటిదాంక పిలగాన్ని సంపకుండ్రి."

భయంతో తల ఊపాను. ఆయన సందు మలుపు తిరగగానే చంపేశాం. (మాట తప్పినందుకు ఇప్పటికీ సిగ్గే.) ఖాళీ కుర్చీల మధ్య నుంచి బాపు నా వైపు చూశాడు. నా ముక్కులోకి తవుడు వాసన వచ్చేసింది.

ముప్పావు గంట తిరగకుండానే మొదటి షిఫ్టు వాళ్లు దిగి వచ్చారు. స్నానాలైనా చేయకుండా, ముఖాల మీద బొగ్గుతో, కళ్లు మాత్రమే కనబడుతూ వచ్చి కుర్చీలన్నీ నింపారు. పైగా నిలబడ్డవాళ్లు వేరే. "మొదటికెల్లి ఎయ్యుండ్రి" అన్నారు. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. కానీ తెర లోపల పిల్లవాడి కన్నతల్లి కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడింది. "ఒక్క సావుకే ఒప్పుకున్నం. ఒక్కరోజుల రెండుసార్లు సస్తే పోరనికి అరిష్టం. మా అత్తకు తెలిస్తే నన్ను ఇంట్లకు రానియ్యది" అంది. చచ్చిన ఒక్కసారికి కూడా దిష్టి తీయాలని నా దగ్గరే ఉప్పూ మిరపకాయలూ అడిగి, బస్సెక్కి పోయింది.

మాస్టరు మసక కళ్లతో నా వైపు తిరిగి "మాటలన్నీ నీకు వొస్తయి గదరా" అన్నారు. నాకు ఇరవై రెండేళ్లు. మీసం ఉంది. ఆ మీసాన్ని అమ్మమామ తన గడ్డం కత్తితో నీళ్లు లేకుండానే గీకేశాడు. పిల్లవాడి చొక్కా మెడలో దూరలేదు, అందుకని జ్వరం కదా అని దుప్పటి కప్పుకుని మంచం ఎక్కాను. "అమ్మా, బాపు ఎప్పుడొస్తడే" అని బొంగురు గొంతుతో మొదటి మాట అనగానే జనం గొల్లుమన్నారు. అయిపోయింది, ఇక మిల్లే అనుకున్నాను. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"ఏందిరా, పిలగాడు గింత పొడుగున్నడు?"

"గాడు మొదటి షిఫ్టు పిలగాడు, పోయిండు. వీడు రెండో షిఫ్టు పిలగాడు. సప్పుడు జెయ్యక సూడు."

అంతే, అందరికీ సమాధానం దొరికింది. షిఫ్టు మారితే మనిషి మారతాడు, పని మారదు, అది వాళ్లకు రోజూ తెలిసిన సంగతే. అమ్మమామ తల ఒళ్లోకి తీసుకున్నాడు. ఎనిమిదేళ్ల తరువాత కూడా అవే మోకాలి చిప్పలు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అర కన్నుతో చూశాను, ఒక్కరూ కదలడం లేదు. బొగ్గు ముఖాల మీద తెల్లటి చారలు పడుతున్నాయి. అంత మందిలో ఒకే ఒక్క మనిషి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, "సైకిలుకు తాళమేసిన్నో లేదో సూసొస్త" అని బయటికి పోయాడు.

తిరుగు ప్రయాణంలో లారీలో మంచానికీ హార్మోనియానికీ మధ్య కూర్చున్నాం. (పహిల్వాన్ అన్న డ్యూటీ దిగి వచ్చేలోపే బయలుదేరాం.) తువ్వాలుతో ముఖం తుడుచుకుని బాపు అడిగాడు.

"సగంల లేసిండ్రు గదరా."

"డ్యూటీకి పోయిండ్రు బాపూ. రెండోసారి ఒక్కలు గూడ లేవలే. నువ్వే లేసినవ్."

"సైకిలు..."

"మనం లారీల వచ్చినం బాపూ."

బాపు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దపల్లి దాటాక "మిల్లుకు ఇంకో గుమస్తాను సూస్త తియ్" అన్నాడు బాపు, నా వైపు చూడకుండానే.

అప్పటినుంచి ఎన్నో ఆటలు ఆడించాను. నా జుట్టు నెరవడం మొదలైన రోజుల్లో, కరీంనగర్‌లో ఒక ఆటకు పిల్లవాడు దొరక్క మా చిన్నమ్మాయికి నిక్కరు తొడిగి మంచం ఎక్కించాం. ఎనిమిదేళ్లది, ఎవరూ నేర్పకుండానే నాకంటే బాగా దగ్గింది. దాని తల ఒళ్లోకి తీసుకున్నారో లేదో నేను కుర్చీ అంచుకు జరిగాను. ప్రొడ్యూసర్ని, కదలకూడదు. అయినా లేచాను. పక్కవాళ్లతో "స్కూటరుకు తాళం..." అని గొణిగి గేటు దాకా నడిచాను. అప్పటికే అక్కడ గోడకానుకుని, తువ్వాలు పట్టుకుని బాపు నిలబడి ఉన్నాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి కాస్త జరిగి చోటిచ్చాడు. ఇద్దరం ఆటోలో వచ్చాం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. లోపల ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఇంకాసేపు అక్కడే నిలబడ్డాం.